డిపాజిట్లు కదలకముందే

బ్యాంకుల లిక్విడిటీ గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం డైరెక్టర్ల బోర్డు దగ్గర మొదలుపెడతాను. నగదు కొరతకు బీజం పడేది అక్కడేనని నా నమ్మకం.

2020 మార్చి 5 సాయంత్రం యెస్ బ్యాంకుపై మారటోరియం పడింది. ఖాతాదారుడు 50 వేల రూపాయలకు మించి తీసుకోవడానికి వీల్లేదన్నారు. ఆ బ్యాంకు మీదుగా నడిచే ఫోన్‌పే కూడా ఆ రాత్రే ఆగిపోయింది. యెస్ బ్యాంకు గడప తొక్కనివాళ్లకూ సెగ తగిలింది.

ఇదంతా ఒక్క రాత్రిలో ముంచుకొచ్చిందనుకుంటే పొరపాటే. 2019 మార్చి నాటికి ఆ బ్యాంకు డిపాజిట్లు సుమారు 2.27 లక్షల కోట్లు. సెప్టెంబరుకు 2.09, డిసెంబరుకు 1.65, మరుసటి మార్చికి 1.05 లక్షల కోట్లు. తిరుమల తిరుపతి దేవస్థానం తన 1,300 కోట్లను మారటోరియానికి కొన్ని నెలల ముందే వెనక్కి తీసుకుంది. స్వామివారి సొమ్ము భద్రంగా బయటపడింది, సంతోషం. పింఛను డబ్బు దాచుకున్న ముసలాయనకు ఆ ముందుచూపు ఎవరిస్తారు?

పెద్ద డిపాజిటర్లకు అనుమానం ఊరికే రాలేదు. 2015-16లో బ్యాంకు చూపిన మొండి బకాయిలు దాదాపు 749 కోట్లు. రిజర్వు బ్యాంకు తనిఖీలో తేలినవి 4,926 కోట్లు. మరుసటి ఏడాది తేడా 6,355 కోట్లకు పెరిగింది. వరుసగా రెండేళ్లు ఇలా తేలితే బోర్డు ఏం చేయాలి? సీఈఓ పదవి 2019 జనవరి 31తో ముగియాలని రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పాక కూడా, గడువు పొడిగించమని ఆ బోర్డు విజ్ఞప్తి చేసింది! నా దృష్టిలో ఆ బ్యాంకు లిక్విడిటీకి గండి పడింది ఆ నిర్ణయంతోనే.

ఇక నిబంధనల సంగతి. ముప్పై రోజుల గడ్డుకాలానికి సరిపడా, వెంటనే నగదయ్యే ఆస్తులు చేతిలో ఉంచుకోవాలన్నదే లిక్విడిటీ కవరేజ్ నిష్పత్తి. మన దేశంలో 2015 జనవరిలో 60 శాతంతో మొదలై, 2019 జనవరికి నూరు శాతమైంది. యెస్ బ్యాంకు డిపాజిట్లు కరిగిపోయింది సరిగ్గా ఆ నూరు శాతం ఏడాదిలోనే. మామూలు ఖాతాదారులు నూటికి 5 నుంచి 10 రూపాయలే తీసుకెళ్తారని ఆ లెక్క అనుకుంటుంది. నెట్, మొబైల్ బ్యాంకింగ్ ఉన్న ఖాతాలకు దానిపై మరో రెండున్నర శాతం కలపాలని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మంచిదే. అదే ఉత్తర్వులో ధార్మిక, విద్యా ట్రస్టుల డిపాజిట్లకు నూరు శాతంగా ఉన్న ఉపసంహరణ అంచనాను 40కి దించడమే నాకు మింగుడుపడలేదు. దేవస్థానం ఏ వర్గంలోకి వస్తుందన్నది వేరే చర్చ. పెద్ద సంస్థలు ఎంత త్వరగా కదులుతాయో 2019లో చూశాం కదా!

మళ్లీ బోర్డు దగ్గరికి వస్తే, రిజర్వు బ్యాంకు 2021 ఏప్రిల్ ఉత్తర్వు బ్యాంకు సీఈఓ పదవీకాలానికి 15 ఏళ్లు, ప్రమోటరైతే 12 ఏళ్లు హద్దు పెట్టింది. రిస్క్ కమిటీకి స్వతంత్ర డైరెక్టరే అధ్యక్షత వహించాలని, ఆ వ్యక్తి బోర్డు చైర్మన్ కాకూడదని చెప్పింది. ఆ కుర్చీలో కూర్చున్నవారికి నాదొక సూచన. అతి పెద్ద ఇరవై మంది డిపాజిటర్ల వాటాను వార్షిక నివేదికలో ఒక వరుసగా అచ్చువేసి ఊరుకోకండి. వాళ్లలో ఎవరు వెళ్లిపోయారో, ఎందుకు వెళ్లారో ప్రతి నెలా కమిటీ ముందు పెట్టించండి. తనిఖీకి వచ్చిన అధికారి మొదట అడగాల్సింది ఆ మినిట్స్ పుస్తకాన్నే.