బ్యాటరీ మార్చేముందు ఎర్త్ చూద్దాం



దుక్కి అదునులో పాత ట్రాక్టరు సెల్ఫ్ ‘టక్’మని ఆగిపోతే, బ్యాటరీ పోయిందనుకుని వేలు పోసి కొత్తది తెస్తాం. చాలాసార్లు లోపం ఎర్త్‌లో ఉంటుంది. సెల్ఫ్‌కు వెళ్లిన కరెంటు ఇంజిన్ ఇనుము మీదుగా, ఎర్త్ పట్టీ గుండా తిరిగి బ్యాటరీకి చేరాలి. బోల్టు కింద తుప్పు, రంగు చేరితే ఆ దారికి అడ్డం పడుతుంది. ఇండికేటర్ వేయగానే లైట్లు కూడా దానితోపాటు మినుకుమంటే ఎర్త్‌నే అనుమానించాలి.

పరీక్ష మనమే చేసుకోవచ్చు. గేరు న్యూట్రల్ చేసి, బ్రేకు లాక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకోవాలి. మల్టీమీటరును 20 వోల్టుల డి.సి.లో పెట్టి, ఒక వైరు ఎర్త్ పట్టీ ఉన్న బ్యాటరీ టెర్మినల్‌కు, రెండోది ఇంజిన్ మీద రంగులేని చోట ఆనించాలి. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. మీటరు అర వోల్టు దాటితే ఎర్త్ చెడినట్టే.

ముందు బ్యాటరీ దగ్గర ఎర్త్ విప్పాలి. పట్టీ, బోల్టు చోటు మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయాలి. తీగలు తెగిన పట్టీని మార్చాలి.

ప్రతి గ్రామ కమిటీ దగ్గర ఒక మీటరు ఉంచుకుందాం. అనవసరపు అప్పు తప్పించడమూ సంఘం పనే!