ఏరు అంటే నీళ్లని తెలిసిన సారు

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీకోసం.

నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నా పక్క పిల్లవాడు లేచి "ఏరు" అన్నాడు. మన కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. మైదానం నుంచి వచ్చిన సారుకు ఏరు అంటే వాగు. బడి వేళ వాగుకు పోతానంటున్నాడనుకుని కూర్చోబెట్టేశారు. మధ్యాహ్నం దాకా వాడు దాహంతోనే ఉన్నాడు. సారు చెడ్డవారు కాదు. వానలో కూడా వాగు దాటి వచ్చేవారు. ఆయనకు మన మాట రాదు, అంతే.

ఇప్పుడు దూరం పోయి వద్దాం. ఏ దేశంలో పిల్లలు ఎంత నేర్చుకున్నారో పోల్చి చూసే పరీక్ష ఒకటుంది, పేరు పీసా. 2000లో మొదలైంది. 15 ఏళ్ల పిల్లలకు చదివి అర్థం చేసుకోవడంలో, గణితంలో, సైన్స్‌లో పెడతారు. మన దేశం తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ ఒక్కసారి రాశాయి. 2011లో ఫలితాలొస్తే దాదాపు అట్టడుగున ఉన్నాం. ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు తగినట్టు లేవన్నారు, తర్వాతి విడతల్లో పాల్గొనలేదు. ఆ అభ్యంతరంలో కొంత నిజముంది. కానీ అదే మాట మన గూడేల పిల్లలు మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల గురించి అంటే ఎవరు విన్నారు?

మొదట్లో అందరూ ఫిన్లాండ్ పేరే చెప్పేవారు. అక్కడ 1970ల చివరి నుంచీ చిన్న తరగతుల టీచరుకు కూడా మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. ఆ కోర్సులో సీటు దొరకడం చాలా కష్టం. అయినా 2006లో 548 ఉన్న వాళ్ల గణితం సగటు 2022లో 484కి పడిపోయింది. అందుకే ర్యాంకు చూసి మురిసిపోయి కాపీ కొట్టొద్దంటాను. పని ఎలా చేస్తున్నారో చూడాలి. జపాన్‌లో టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతుంటే మిగతావారు పిల్లల్ని గమనిస్తారు, ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకుని తర్వాత చర్చిస్తారు. మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఈ పని చేయడానికి పైసా ఖర్చు లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది అదే ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఇనారి. అక్కడి ఆదివాసులు సామీలు. వాళ్లలో ఇనారి సామీ భాష మాట్లాడేవాళ్లు కొన్ని వందల మందే. 1997లో చిన్నపిల్లల కోసం భాషాగూడు పెట్టారు. అందులో పెద్దవాళ్లు పిల్లలతో ఆ భాషలోనే మాట్లాడతారు. పిల్లలు పెరిగి బడికొచ్చేసరికి చెప్పే టీచర్లు లేరు. అప్పుడు 2009లో 17 మంది పెద్దవాళ్లను ఏడాది పాటు ఆ భాషలో ముంచి తీశారు. అవ్వలు, తాతల దగ్గర కూర్చోబెట్టి నేర్పించారు. వాళ్లలో కొందరు టీచర్లయ్యారు. భాష తెలిసిన టీచరు దొరకలేదని ఊరుకోలేదు, తయారు చేసుకున్నారు.

మనకూ ప్రయత్నాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి కోయ, గోండి, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషతో చదువు మొదలుపెట్టారు. 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు నుంచి మనం ఎక్కువగా ఉద్యోగాల గురించే మాట్లాడుతున్నాం. న్యాయమే, మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. కానీ దాహమేసిన ఆ పిల్లవాడి గురించి కూడా మాట్లాడాలి. ఇంకో చేదు మాట: మనలోనే డీఎడ్ చదివి, కోయ రాని టీచర్లున్నారు. ఎస్టీ సర్టిఫికెట్ ఒక్కటే పాఠం చెప్పదు.

కాబట్టి డీఎస్సీకి చదువుతున్నవాళ్లు రోజుకో గంట మీ అవ్వ దగ్గర కూర్చోండి. మిగతావాళ్లు ఈ వేసవిలో మీ గూడెం బడిలో మూడో తరగతి పిల్లలతో రెండో తరగతి పుస్తకం ఒక పేజీ చదివించండి. ఎవరు చదివారు, ఎవరు ఏ మాట దగ్గర ఆగారు, ఇంట్లో దాన్ని ఏమంటారు, రాసుకోండి. ఆ కాగితాలు దసరా సమావేశానికి తీసుకురండి. ముందు టీచర్లకు చూపిద్దాం, తర్వాత ఐటీడీఏకి పోదాం.