ఓర్చుకునే మనిషి పక్కన ఎవరున్నారు?

(ఒంగోలులో జరిగిన కౌలు రైతుల సమావేశంలో మా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈరోజు ఓర్పు గురించి మాట్లాడమన్నారు. గిట్టుబాటు ధర గురించో, సాగర్ కుడి కాలువ చివరి భూములకు నీళ్ళ గురించో అయితే తడుముకోకుండా మాట్లాడేవాళ్ళం. ఓర్పు అనేసరికి కాస్త తటపటాయించాం. ఎందుకంటే ఆ మాట మనకు ఎక్కువగా చెప్పేది మనకు బాకీ ఉన్నవాళ్ళే. యార్డులో డబ్బు అడిగితే ఓర్చుకోమంటారు. బీమా అడిగితే ఓర్చుకోమంటారు. సభల్లో వేదికలెక్కి, రైతన్నకు భూదేవికున్నంత ఓర్పుందని పొగుడుతారు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా మాకు అనుమానమే.

మిరప వేసేవాళ్ళకు ఎదురుచూడటం ఎవరు నేర్పాలి? జూలై, ఆగస్టుల్లో నారు పోస్తాం. సంక్రాంతి దగ్గరపడేదాకా రూపాయి చేతికి రాదు, చేతినుంచి పోవడమే. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరింది. ఎవరు ఏ మందు చెబితే ఆ మందు కొట్టాం. కొందరం పచ్చని చేలను ట్రాక్టరుతో దున్నేశాం. మళ్ళీ మరుసటి ఏడు నారు పోశాం. ఇది ఓర్పే, కాదనం.

కానీ 2025 మొదట్లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. అంతకుముందు క్వింటాలుకు 20 వేలు పలికిన కాయ దాదాపు సగానికి పడింది. ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చేసరికే మా ఎరుకలో ఉన్న చిన్న రైతులు చాలామంది కాయ అమ్మేసుకున్నారు. ఇంటి ముందు అప్పులవాళ్ళు కూర్చుంటే ఏం చేస్తారు? టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఆరు నెలలు ఎదురుచూసే ఓర్పుకు అద్దె కట్టాలి, వడ్డీ కట్టాలి. కౌలు రైతుకు ఆ ఓర్పు కొనుక్కునే తాహతు లేదు.

పెద్దవాళ్ళకు గొర్రు సంగతి గుర్తుండే ఉంటుంది. ఒకరు ఎద్దుల్ని తోలుతుంటే వెనక ఇంకొకరు జడ్డిగంలో గింజలు వదిలేవాళ్ళు. ఎద్దులు తొందరపడితే విత్తు పలచబడేది. ఆగితే కుప్పపడేది. అందుకని తోలే మనిషి, గింజలు వదిలే మనిషి ఒకరి నడక ఒకరు కనిపెట్టుకుంటూ పోవాలి. ఆ ఓర్పు ఇద్దరిదీ కలిపి ఒకటే. ఇప్పుడు ఆ పని ట్రాక్టరు చేస్తోంది. పోయిందని మేమేమీ ఏడవడం లేదు, ఆ నడుం నొప్పులు పడినవాళ్ళకు ట్రాక్టరు విలువ తెలుసు. అయితే దాంతోపాటు బదులు పనులు కూడా పోయాయి. ఈరోజు మీ చేలో మేము, రేపు మా చేలో మీరు. పని మధ్యలో గట్టు మీద అన్నం తినేటప్పుడు ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసేది. ఎవరికి డబ్బు కటకటగా ఉందో అడగకుండానే తెలిసేది, పదో పరకో చేబదులు అందేది. ఇప్పుడు పక్క చేను రైతు ఎంత అప్పులో ఉన్నాడో మనకంటే పురుగుమందుల కొట్టువాడికే బాగా తెలుసు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మేము తిరిగే ఊళ్ళలో ఒక పత్తి రైతు ఉండేవాడు. ఊరు, పేరు చెప్పం. కౌలు ముందే కట్టి ఆరెకరాలు చేసేవాడు. మన సమావేశాలకు వచ్చేవాడు, వెనక వరసలో కూర్చునేవాడు. ఎలా ఉందయ్యా అంటే ‘బాగానే ఉందన్నా’ అనేవాడు. ఎప్పుడూ నోరెత్తడు, ఓర్పుగల మనిషని ఊరు మెచ్చుకునేది. మేమూ మెచ్చుకున్నాం. సభ్యత్వ రసీదు రాసిచ్చాం, డిమాండ్ల కరపత్రం చేతిలో పెట్టాం, బండెక్కి వచ్చేశాం. ఆ నెల తిరక్కముందే ఆయన ప్రాణం తీసుకున్నాడు. పెద్దకర్మ రోజున వెళితే వాళ్ళమ్మ ఒకటే మాట అంది: ‘మీరొచ్చి ఓ పూట కూర్చునుంటే మావాడు చెప్పుండేవాడేమో నాయనా.’

1997, 98ల్లో పత్తి దెబ్బతిన్నప్పుడు గుంటూరు, ప్రకాశం, వరంగల్ జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో మనకు తెలుసు. ఆ లెక్కలు మేము సభల్లో చాలాసార్లు చెప్పాం. ఆ తల్లి మాటకు మాత్రం మా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన బాగానే ఉందన్నప్పుడు అది ఓర్పు కాదు, చెప్పుకునే మనిషి లేకపోవడం. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

అప్పటినుంచి మా పద్ధతి మార్చుకున్నాం. మొదటిసారి ఏ ఇంటికి వెళ్ళినా ఫారాలు, రసీదు పుస్తకాలు తీసుకెళ్ళడం మానేశాం. అద్దంకి వైపు ఒక ఊళ్ళో మిరప వేసిన కౌలు రైతు ఇంటికి అలాగే వెళ్ళాం. మొదటిసారి టీ ఇచ్చి పంపించేశారు. రెండోసారి వెళ్ళేసరికి కల్లంలో ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుతున్నారు. ఊరికే నిలబడలేక మేమూ కూర్చుని ఏరాం. అరగంటకల్లా కళ్ళు మండి, ముక్కులు కారి, మా అవస్థ చూసి వాళ్ళు ఒకటే నవ్వు. మంచి కాయను తాల్లో పడేస్తున్నామని ఒకామె కసిరింది కూడా. మూడోసారి వెళ్ళినప్పుడు ఆ రైతు భార్యే ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి మా ముందు పెట్టింది. అందులో ఏడు ప్రోనోట్ల నకళ్ళున్నాయి. రెండింటి సంగతి ఆయనకే తెలియదు. పుట్టింటి వైపువాళ్ళ దగ్గర తను తెచ్చి, ఇంట్లో చెప్పకుండా తనే మోస్తోంది. ఆయన తెచ్చిన ఒక నోటు సంగతి ఆమెకు తెలియదు. ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకుని, ఎవరికి వాళ్ళు ఓర్చుకుంటున్నారు.

మేమేమీ తీర్చలేదు. అప్పిచ్చినవాళ్ళలో ముగ్గురు ఆ ఊరివాళ్ళే. వాళ్ళతో కూర్చున్నాం. ఇద్దరు ఏడాదిపాటు వడ్డీ ఆపడానికి ఒప్పుకున్నారు. మూడో ఆయన ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు. అయినా ఆ రైతు ఇవాళ ఈ సభలో ఉన్నాడు. వెనక వరసలో కాదు.

ఓర్పంటే నోరు మూసుకోవడం కాదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ఇక్కడికి గంట ప్రయాణంలో చీరాల ఉంది. 1919లో అప్పటి ప్రభుత్వం చీరాల, పేరాలను మున్సిపాలిటీ చేసి పన్నులు అమాంతం పెంచింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం ఇళ్ళకు తాళాలేసి, ఊరి బయట రామనగరంలో పాకలేసుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. ఇళ్ళు కళ్ళెదుటే ఉండగా పాకల్లో ఎండకూ వానకూ ఉండటం మాటలా? చివరికి తిరిగి వెళ్ళక తప్పలేదు, అనుకున్నది అప్పటికప్పుడు దక్కలేదు. ఆ సంగతి దాచి గెలిచినట్టు చెప్పడం మాకిష్టం లేదు. మేము చూసేది ఆ 11 నెలల్ని. ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా ఓర్చుకోవాల్సి వస్తే 11 రోజులు కూడా నిలబడేవాళ్ళు కాదు. ఊరంతా ఒకచోట ఉండబట్టి నిలబడ్డారు.

ఇంకో సంగతి. మిరప కోతలకు కర్నూలు పడమటి నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు వస్తాయి. మన చేల పక్కనే గుడారాలేసుకుని నెలల తరబడి ఉంటాయి. వాళ్ళలో చాలామందికి అక్కడ భూమి ఉంది, నీళ్ళు లేవు. అంటే వాళ్ళూ రైతులే. కోత కూలి దగ్గర బేరమాడటం తప్ప వాళ్ళతో మనం ఎంత మాట్లాడుతున్నాం? ఒక ఊళ్ళో ఒక రైతు భార్య, గుడారంలో ఉన్న పిల్లను తన ఇంట్లో ఉంచుకుని, కోతలైపోయేదాకా ఊరి బడికి పంపింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. మేము వెళ్ళినరోజు ఆ పిల్ల అరుగు మీద ఎక్కాలు చదువుతోంది.

పత్తి సంగతి క్లుప్తంగా చెబుతాం. 2025లో సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలన్నారు. అక్టోబరు చివర మొంథా తుఫానుకు పత్తి తడిసింది, 12 శాతం తేమ దాటితే కొనరు. ఆ ఇక్కట్ల మధ్య ఒక ఊళ్ళో ఇంటర్ చదివే ఆడపిల్ల సాయంత్రాలు వేపచెట్టు కింద కూర్చుని, ఫోను చేతకాని ముసలివాళ్ళ నమోదు పని చూసింది. ఆ యాప్ సవరించాలన్న మన డిమాండు అలాగే ఉంది, ఆ పిల్ల మంచితనం చూపించి ఎవరూ దాన్ని పక్కన పెట్టకూడదు.

చివరగా సాగుదారు కార్డు. 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం పెడితేనే కౌలు రైతుకు హక్కు పత్రం. 11 నెలల ఒప్పందమే, భూమి హక్కుకు ఏ భంగమూ లేదని చట్టం చెబుతున్నా యజమానులకు భయం పోలేదు. హైదరాబాదులో ఉండే ఒకాయనకు మేము పదిసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు వాళ్ళ అరుగు మీదికే వెళ్ళి కూర్చున్నాం. కార్డు మాట ఎత్తకుండా గంటసేపు వాళ్ళ నాన్నగారి గురించి మాట్లాడుకున్నాం. ఆయనా పాతికేళ్ళు కౌలు చేసి, ఆ తర్వాతే ఈ భూమి కొన్నాడు. కొడుకు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కాగితం ఏదీ అని అడిగాడు. అందరూ ఇలా పెట్టరని మాకు తెలుసు. సంతకంతో పనిలేని చట్టం కావాలి, దానికోసం పోరాడుతూనే ఉండాలి. ఆ చట్టం వచ్చేలోపు ఎక్కాల్సిన అరుగులు చాలా ఉన్నాయి.

మా దగ్గర 14 మంది పేర్లున్నాయి, ‘బాగానే ఉంది’ అంటున్నవాళ్ళవి. దర్శి వైపు ముగ్గురి ఇళ్ళకు రేపు పొద్దున ఆరింటికి బయలుదేరుతున్నాం. ఆటోలో ఇంకా ఇద్దరికి చోటుంది.