పెద్ద పుస్తకానికి చిన్న సవరణ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం అచ్చు వేయిస్తున్న పెన్షను ఉత్తర్వుల సంకలనం కంప్యూటరు మీద ఎలా తయారవుతోందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ముప్పైఆరేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి, ఆదేశమంటే కాదనలేను.

1980 నాటి సవరించిన పెన్షను నిబంధనలు మొదలుకొని కుటుంబ పెన్షను ఉత్తర్వుల దాకా మొత్తం 800 పైచిలుకు పేజీలు. అందులో సుమారు 300 పేజీలు పాత జీవోల స్కాన్ ప్రతులు. దీన్ని లేటెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కూరుస్తున్నాం. దాని మూలం టెక్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డొనాల్డ్ క్నూత్ తన గ్రంథం రెండో సంపుటి కొత్త ముద్రణకు 1977లో వచ్చిన ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక స్వయంగా రాయ మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. దానిమీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ కట్టినది లేటెక్. ప్రూఫు నచ్చక ప్రెస్సువారిమీద కేకలేసినవారిని చాలామందిని చూశాను గాని, ప్రెస్సునే కొత్తగా కట్టుకున్నవారి సంగతి వినడం ఇదే.

దీని నడక పేజ్‌మేకరు వంటిది కాదు. పేజీ తెరిచి అక్కడికక్కడ అక్షరం దిద్దడం ఉండదు. మామూలు ఫైలులో విషయమూ, గుర్తులూ టైపు చేసి ఆజ్ఞ ఇస్తే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పుస్తకమంతా మళ్ళీ పేరుస్తుంది. విషయసూచికలో పేజీ నంబర్లు సరిగ్గా పడాలంటే ఒక్క విడత చాలదు. మొదటి విడతలో నంబర్లను పక్క ఫైలులో రాసుకుంటుంది. రెండో విడతలో వాటిని తెచ్చి వేస్తుంది. ఒక్కోసారి మూడోదీ కావాలి. మా ఇంట్లోని పాత కంప్యూటరులో విడతకు ఆరేడు నిమిషాలు పట్టేది.

"మనకు తొందరేముందండీ, అందరం రిటైరైనవాళ్ళమేగా" అన్నారొక మిత్రులు. తొందర కోసం కాదు. ఒక సవరణకు ఇరవై నిమిషాలు పడితే, ప్రూఫు చూసేవారు మూడో తప్పు దగ్గరే "పోనిద్దురూ" అంటారు. ఆ పోనిచ్చింది జీవో నంబరో, తేదీయో అయితే? భర్త పోయిన మన సోదరి ఎవరో ఆ నంబరే దరఖాస్తులో రాసి, ట్రెజరీ మెట్లు మరోసారి ఎక్కవలసి వస్తుంది. స్టెన్సిల్ రోజుల్లోనూ ఇదే బాధ. దిద్దుబాటు ద్రవం పూసి ఆరేదాకా ఊదుతూ కూర్చునే ఓపిక లేక వదిలేసిన తప్పులు సర్క్యులర్లతోపాటు జిల్లా అంతా తిరిగి వచ్చేవి.

ఇక మేము చేసిన పనులు. అన్నిటికంటే మేలు చేసింది పుస్తకాన్ని విడగొట్టడం. లావెక్కిన ఫైలుకు పార్ట్ ఫైలు తెరవడం మనకు కొత్త కాదుగదా! ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో ఫైలుగా పెట్టి, 'ఇంక్లూడ్' ఆజ్ఞతో ప్రధాన ఫైలుకు కలుపుతాం. పైన 'ఇంక్లూడ్ ఓన్లీ' అని రాసి, ఈ పూట దిద్దే అధ్యాయం పేరు ఇస్తే అదొక్కటే పేరుస్తుంది. పుస్తకమంతా ఒకసారి నడిపి ఉంటే, మిగతా అధ్యాయాల పక్క ఫైళ్ళు అలాగే ఉంటాయి గనుక పేజీ నంబర్లూ, 'ఫలానా పేజీ చూడుడు' అనేవీ చెదరవు. పదిహేను ఇరవై సెకన్లలో ప్రూఫు చేతికొస్తుంది. ఒక్క మాట: ఇంక్లూడ్ చేసిన ప్రతి భాగమూ కొత్త పేజీలో మొదలవుతుంది. కాబట్టి అధ్యాయాలకే అది. చిన్న ముక్కలకు 'ఇన్‌పుట్' వాడాలి.

తర్వాత బొమ్మలు. 'డ్రాఫ్ట్' అని పెడితే స్కాన్ ప్రతి బదులు అదే కొలతకు ఖాళీ చట్రం వేస్తుంది, పేజీల లెక్క మారదు. అసలు టైపు చేసిన జీవోను అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేయడం దండగ. 300 చుక్కల నలుపు తెలుపు చాలు.

తెలుగు కోసం మేము వాడేది లేటెక్‌ను జీటెక్ మీద. అది ముందు పేజీలు పేర్చి, ఆపైన ఇంకో ప్రోగ్రాముకు అప్పగించి పి.డి.ఎఫ్. చేయిస్తుంది. కేవలం నంబర్ల కోసం నడిపే విడతలకు పి.డి.ఎఫ్. ఎందుకు? 'నో పి.డి.ఎఫ్.' అంటే ఆ రెండో పని మానేస్తుంది. బొమ్మలున్న పుస్తకానికి ఇది బాగా కలిసొచ్చింది.

ఫైలు ప్రారంభంలోని ఏర్పాట్లన్నిటినీ ముందే సిద్ధం చేసి భద్రపరచుకునే కిటుకు ఒకటి ఇంగ్లీషు పుస్తకాలవారు చెబుతారు. మనకు అందులో మెలిక ఉంది. జీటెక్ ఓపెన్‌టైపు ఫాంటు ఎక్కించాక అలా భద్రపరచనివ్వదు. ఫాంటు పంక్తులను బయటే ఉంచుకోవాలి. అంతా చేసి విడతకు మిగిలేది మా లెక్కన రెండు మూడు సెకన్లు. పది పేజీల ఉత్తరాలు పదేపదే నడిపేవారికి లాభమేమో గాని, మనం తల బద్దలుకొట్టుకోనక్కరలేదు.

ప్రెస్సుకు పంపే ప్రతి దగ్గర మాత్రం ఈ ఆదాలేవీ పనికిరావు. 'ఇంక్లూడ్ ఓన్లీ', 'డ్రాఫ్ట్' తీసేసి, పాత పక్క ఫైళ్ళు చెరిపేసి, పుస్తకమంతా మొదటి నుంచి నడపాలి. నంబర్లు మారి ఉండవచ్చు, మళ్ళీ నడపమని లాగ్ ఫైలులో హెచ్చరిక కనిపించినంతకాలం ఆపకూడదు.

కుటుంబ పెన్షను అధ్యాయం ప్రూఫులు పెద్ద అక్షరాల్లో తీయించి ఆ బల్లమీద పెట్టాను. కళ్ళజోళ్ళు తెచ్చుకున్నవారు తలా పది పేజీలు తీసుకుని, జీవో నంబర్లు, తేదీలు మీ దగ్గరున్న అసలు ప్రతులతో సరిచూసి, ఎర్ర సిరాతో గుర్తు పెట్టి వచ్చే ఆదివారంలోగా అందజేయ ప్రార్థన.