మందు డబ్బా తీసే ముందు సాలీళ్లను లెక్కపెట్టండి

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



పురుగుమందుల ధరల మీద మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు కూలి అడగకుండా మన మళ్లో పనిచేసే సాలీడు గురించి చెబుతాను.

ఇంట్లో సాలెగూడు కనిపిస్తే చీపురు తీస్తాం. ఆ గూట్లో చిక్కేది దోమలు, ఈగలు. గూడు అల్లకుండా రాత్రిళ్లు గోడల మీద తిరిగే పెద్ద సాలీడు బొద్దింకల్ని పట్టి తింటుంది. సాలీడు పురుగును నమిలి మింగదు. కోరలతో విషం ఎక్కించి, లోపలిదంతా నీరులా చేసి పీల్చుకుంటుంది. పైరు జోలికి మాత్రం పోదు.

వరిలో దుబ్బుల మొదట్లో, నీటి మీద చకచకా పరుగెత్తేదాన్ని తోడేలు సాలీడు అంటారు. ఇది గూడు కట్టదు, వేటాడుతుంది. రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. సుడిదోమ కూడా ఆ మొదట్లోనే ఉంటుంది కదా! పొడవాటి సాలీళ్లు ఆకుల మధ్య గూడు అల్లి పచ్చదోమను, రెక్కల పురుగులను పడతాయి.

మరి దోమ రాకముందు ఇవి ఏం తిని బతుకుతాయి? ఇండోనేషియాలోని జావా వరి పొలాల్లో చేసిన పరిశోధన 1996లో అచ్చయింది. మళ్లో కుళ్లే పెంట, గడ్డీగాదం మీద బతికే చిన్న ఈగలే సాలీళ్ల తొలి తిండి అని అందులో తేలింది. అంటే పశువుల ఎరువు పైరుకే కాదు, మన కాపలాదారుకూ తిండి పెడుతుంది.

నాటిన కొత్తలోనే మందు కొడితే ఆ ఈగలూ పోతాయి, సాలీళ్లూ పోతాయి. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమల లోపల భద్రంగా ఉంటాయి. అవి పిగిలేసరికి మళ్లో శత్రువు ఉండదు. అందుకే కొట్టినకొద్దీ దోమ పెరుగుతుంది. ఇండోనేషియా ఈ దెబ్బ తిన్నాకే 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది.

సాలీడు ఉంటే చాలు, మందే వద్దని నేను అనడం లేదు. లెక్క చూడమంటున్నాను. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే లెక్క ఇది: సాలీళ్లు లేకపోతే పిలకకు ఒక దోమ, దుబ్బుకో సాలీడు ఉంటే పిలకకు రెండు దోమలు దాటినప్పుడే మందు. 15 పిలకల దుబ్బులో సాలీడు లేకపోతే 15 దోమలు, ఉంటే 30. ఆ ఒక్క సాలీడు మనకు అంత వ్యవధి ఇస్తుంది. ఎకరానికి ఒక పిచికారీ తగ్గినా కౌలు రైతుకు అది అప్పులో తగ్గినట్టే.

కాబట్టి మూడు పనులు చేద్దాం. వారానికోసారి మడిలో దిగి నాలుగు మూలలా, మధ్యలో దుబ్బులు తట్టి దోమల్ని, సాలీళ్లను లెక్కపెడదాం. ప్రతి రెండు మీటర్లకు కాలిబాట వదిలి, యూరియా మోతాదు మించకుండా చూద్దాం. లెక్క దాటితే సిఫారసు చేసిన మందునే దుబ్బు మొదళ్లు తడిచేలా కొడదాం.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. మందు అమ్మేవాడే మందు రాసేవాడు కాకూడదు. వ్యవసాయ విస్తరణాధికారి మళ్లోకి దిగి, దుబ్బు చూసి సలహా ఇవ్వాలి. ఈ డిమాండ్‌తో ప్రతి గ్రామ శాఖ తీర్మానం చేసి పంపాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.