గుండీ అంత పుట్టగొడుగు



వానలు మొదలై, రెండు మూడు రోజులు ముసురు పట్టిన తరువాత పొలం గట్టుకు వెళ్ళి చూడండి. నిన్నటిదాకా ఏమీ లేని చెదపుట్ట పక్కన మల్లెమొగ్గలు చల్లినట్టు నేలంతా తెల్లగా కనిపిస్తుంది. అవి చిట్టి పుట్టగొడుగులు. మన ఇరుగుపొరుగున కన్నడిగులు పుట్టగొడుగును అణబె అంటారు. తమిళులకది కాళాన్, ఒడియావారికి ఛతు, మరాఠీవారికి అళంబి. సరిహద్దుల్లో ఉన్న మనకు ఈ పేర్లు కొత్త కాదు. కాని పేరు తెలిసినంత మాత్రాన గుర్తుపట్టగలిగినట్టు కాదు.

పుట్ట పక్కన మొలిచే ఈ చిన్నదాని శాస్త్రనామం టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్. గొడుగు వెడల్పు రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించదు. చెదపురుగులు నమిలిన ఆకూ పుల్లా పుట్ట లోపల తుట్టెగా పేర్చి, దానిమీద ఈ శిలీంధ్రాన్ని పంటలా పెంచుకుంటాయి. ఆ తుట్టె ముక్కలను బయటికి తెచ్చి పోసిన చోట, వానకు ఇవి వందలకొద్దీ లేస్తాయి. ఈ ప్రజాతికి 1942లో టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్.

మరి గుర్తులేమిటి? గుంపుగా మొలవాలి. గొడుగు నడుమ చిన్న మొన ఉండాలి. కాడకు ఉంగరం, అడుగున గిన్నె ఉండకూడదు. కింది మొప్పలు తెల్లగా ఉండి, ముదిరితే లేత గులాబీరంగు తిరుగుతాయి.

ఇంకొక పరీక్ష ఉంది. గొడుగును కాడనుంచి విడదీసి, మొప్పలు కిందికి ఉండేలా సగం తెల్లగా, సగం నల్లగా ఉన్న కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించండి. తెల్లారేసరికి బీజాల పొడి రాలుతుంది. పుట్టదానికి గులాబీ ఛాయ వస్తుంది. లెపియోటా అనే చిన్నజాతికి సాధారణంగా తెలుపు, గలెరినాకు తుప్పు గోధుమరంగు. ఈ రెంటిలోనూ కాలేయాన్ని చంపే విషమున్న రకాలున్నాయి. ఉడికించినా ఆ విషం పోదు. అయితే గులాబీరంగు ఒక్కటే చూసి నమ్మకండి. ఎంటొలోమా అనే జాతికీ అదే రంగు వస్తుంది, అందులోనూ విషమున్నవి ఉన్నాయి.

వెండి కాసు నల్లబడితే విషమనీ, పురుగు తింటే మంచిదనీ చెప్పేవన్నీ వట్టి మాటలు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు.

మా అమ్మమ్మ బుట్టెడు తెచ్చినా, చాటలో పోసి ఒక్కొక్కటే తిరగేసి చూసేది. గుంపుకు దూరంగా ఒంటిగా మొలిచినదాన్ని అసలు ముట్టేది కాదు. “ఇది మన పుట్టది కాదే” అని పారేసేది. ఆ మాటలో గొప్ప వివేకం ఉంది. ఒక ఊరి నేలమీద నేర్చిన గుర్తు వలస వెళ్ళిన మరో ఊళ్ళో చెల్లకపోవచ్చు. అక్కడ అదే పోలికతో వేరొకటి మొలవవచ్చు.

కాలేయాన్ని చంపే విషమున్నది పొరపాటున తింటే వాంతులు, విరేచనాలు వెంటనే మొదలుకావు. ఆరు గంటలు మొదలు ఒక రోజు వరకూ పట్టవచ్చు. తరువాత తగ్గినట్టే ఉంటుంది, లోపల మాత్రం కాలేయం పాడవుతుంటుంది. కనుక తగ్గిందని ఊరుకోకుండా, మిగిలిన పుట్టగొడుగును వెంట తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళండి.

చూడండి, పిల్లలకు చూపించండి, కాగితం మీద రంగు పట్టండి. ఆ ముచ్చటకు ఖర్చు లేదు. కూరకు మాత్రం, పూర్తిగా తెలిసినదైతేనే. అనుమానం ఉంటే పొయ్యి దాకా రానివ్వకండి.