నీటి తారాజువ్వ



మన చిలుకూరు ప్రాంతమున వరికోత ముగిసినంతనే పొలములు బాలురకు ఆటస్థలములగును. అచట వారు ప్లాస్టిక్ సీసాతో నీటి రాకెట్టు నెగురవేయ బూనినచో, పెద్దలు కసరి పంపివేయుట కలదు. వలదనుటకంటె దగ్గర నిలిచి చేయించుట మేలని నా మనవి.

ఇందలి సూత్రము దీపావళి తారాజువ్వలోనిదే. అందు మందు కాలి వాయువు క్రిందికి చిమ్మగా జువ్వ పైకి లేచును. ఇందు నిప్పు లేదు. సీసాలో మూడవవంతు నీరు పోసి, గొట్టము దూర్చిన బిరడాను బిగించి, తలక్రిందుగా నిలిపి, సైకిలు పంపుతో గాలి యెక్కింపవలెను. ఒత్తిడి హెచ్చగా బిరడా యూడి నీరు క్రిందికి చిమ్మును; సీసా పైకెగయును. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య కలదని న్యూటను 1687లో ప్రకటించిన నియమమిదియే. ఉత్తగాలికంటె నీరు బరువైనది గనుక త్రోపుడు హెచ్చగును. అట్లని సీసా నిండ నీరు పోసినచో గాలికి చోటుండదు.

పద్మవ్యూహము చొచ్చుట నేర్చి వెడలుట నేర్వని యభిమన్యుని కథ మీరెరిగినదే. ఎగురవేయుట సగము విద్య; క్షేమముగా దింపుట తక్కిన సగము. పలుచని ప్లాస్టిక్ సంచిని గుండ్రముగా కత్తిరించి, అంచున ఎనిమిది దారములు సమముగా గట్టి, నడుమ చిన్న రంధ్రము చేసినచో పారాచూటగును. దానిని మడిచి, సీసా శిరమున వదులుగా నుంచిన అట్టటోపీలో నమర్పవలెను. సీసా శిఖరమున తల వాల్చగనే టోపీ జారి, గొడుగు విచ్చుకొనును. టోపీ బిగుసుకొన్నచో గొడుగు విచ్చుకొనదు. సీసా రాయివలె పడును.

2007 జనవరి 10న శ్రీహరికోటనుండి పైకేగిన 550 కిలోల భారతీయ పేటిక భూమిని చుట్టి, 22న పారాచూట్ల సాయమున బంగాళాఖాతమున దిగినది. బాలుర సంచిగొడుగు నేర్పు పాఠమును అదియే.

అయినను ఒత్తిడిలోని గాలి ఆటవస్తువు కాదు. సోడా పానీయముల ప్లాస్టిక్ సీసానే వాడవలెను. గాజుసీసాను, గీటుబడినదానిని ముట్టరాదు. పంపు కనీసము పది మూరల దూరమున నుండవలెను. వాల్వు పంపు దగ్గరి కొసనే యుండవలెను. సీసా లేవకున్నచో ఎవ్వరును దానిపై వంగక, వాల్వును సడలించి గాలి విడువవలెను. కరెంటు తీగలకును, బావులకును దూరముగా బయలును మీరే చూపుడు.

పెద్దలు కాదన్న యాట చాటున సాగును; చాటున సాగినదే కీడు తెచ్చును. కావున ఈ వేసవిని ఒక్క సాయంకాలము పొలమునకు దయచేసి బాలుర చెంత నిలువుడు.